ఫొటోలో గిన్నెకు బరువుండదు కదమ్మా

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు, మాది ప్రొద్దుటూరు. సిరామిక్స్ నేర్చుకుని ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న గ్యాస్ బట్టీ పెట్టుకున్నా. కాలేజీ రోజుల నుంచి జపాన్ కుమ్మరి షోజీ హమాడా అంటే పిచ్చి. ఆయన ప్రభావం మీదే ఒక ఎగ్జిబిషన్ పెడదామని గిన్నెలు, సీసాలు కలిపి ముప్పై దాకా చేశా. చూసిన ఒక పెద్దాయన "బాగున్నాయమ్మా, జిరాక్సులు" అని నవ్వి వెళ్లిపోయారు. అప్పట్నుంచి కుమ్మరి సారె ముందు కూర్చోవాలంటే టెన్షన్. ఆయన ఫొటోలు చూడటం మానేయాలా? ఎగ్జిబిషన్‌లో ఆయన పేరు వేస్తే నన్ను నేను తక్కువ చేసుకున్నట్టా?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: మానొద్దు. పేరు కూడా పెద్దక్షరాల్లో వెయ్యి. అందరికీ తెలిసేదాన్ని దాచిపెడితేనే జిరాక్స్ అంటారు, ముందే చెప్పేస్తే ఆ మాటకు బలముండదు.

కానీ నువ్వు పంపిన ఫొటోలు ఒకటికి రెండుసార్లు చూశాక నాకొచ్చిన అనుమానం వేరు. నువ్వు హమాడాను కాపీ కొట్టలేదు, హమాడా ఫొటోలను కొట్టావు. పక్కనుంచి చూస్తే గిన్నెల వాటం, ఆ ఇటుక రంగు గ్లేజు (కాలాక గాజులా అంటుకునే పూత), మీద బ్రష్ గీత అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క గిన్నెను బోర్లించి తీశావు చూడు, అక్కడ దొరికిపోయావు. అడుగు అంచు స్టీలు ప్లేటు అంచులాగా సన్నగా, నున్నగా చెక్కావు, పైన గోడేమో మందంగా ఉంది, అంత గోడను ఆ అడుగు ఎట్లా మోస్తుంది? పుస్తకాల్లో ఎక్కువగా పక్కనుంచి తీసిన బొమ్మలే వేస్తారు కాబట్టి నీకు అడుగు తెలియలేదు, బరువు అసలే తెలియదు. ఆయన గిన్నె దొరక్కపోయినా పర్లేదు, ఆ దారిలో నేర్చుకున్నవాళ్ల గిన్నె ఏదో ఒకటి రెండు చేతుల్లో పట్టుకో. మనకు దగ్గర్లో పుదుచ్చేరి ఉంది, అక్కడ డెబోరా స్మిత్, రే మీకర్ కలిసి 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారు, ఆమె జపాన్‌లో పని నేర్చుకుని వచ్చిన మనిషి. బస్సు ఛార్జీలు దండగ కావు.

ఇంకో సంగతి. నువ్వు హమాడా ఏం చేశాడో చూశావు గానీ దేనితో చేశాడో చూడలేదు. ఆయన 1920లో బెర్నార్డ్ లీచ్ అనే ఇంగ్లిష్ కుమ్మరితో కలిసి ఇంగ్లండు వెళ్లి సెయింట్ ఐవ్స్ అనే ఊళ్లో బట్టీ కట్టాడు, అక్కడ పేరొచ్చింది. తిరిగొచ్చాక టోక్యోలో దుకాణం తెరవకుండా మషికో అనే పల్లెకు పోయాడు. వంటింటి సామాన్లు, నీళ్ల జాడీలు చేసుకునే మామూలు కుమ్మరుల ఊరు అది. వాళ్లు వాడే మట్టినే, ఆ ఊరి రాయినే, వరి ఊక కాల్చిన బూడిదనే వాడాడు. ఆ ఇటుక రంగు కూడా అట్లా ఆ ఊరి రాయిలోంచే వచ్చింది. నువ్వేమో అదే రంగు కోసం ఎక్కడో కొన్న ఐరన్ ఆక్సైడ్‌ను డిజిటల్ కాటాలో తూచి కలుపుతున్నావు. తప్పని కాదు, కానీ ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది రంగునా, ఆ పద్ధతినా?

మీ ఊరి చుట్టూ చూడు. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర తెల్లటి బురద గుట్టలుగా పడేస్తారు, సున్నపురాయి పొడే కదా అది. ఒక్కదాన్నే కాలిస్తే కరగదు గానీ, 1250 డిగ్రీల దగ్గర ఫెల్డ్‌స్పార్ అనే రాతిపొడితో, ఇసుకతో కలిస్తే వాటినీ కరిగించి తనూ గ్లేజయిపోతుంది. మా అనంతపురంలో వేరుశనగ పొట్టుకు కొదవలేదు. కాల్చి, జల్లించి, సగం బూడిద సగం మట్టి కలిపి చిన్న బిళ్లల మీద పూసి చూడు, బిళ్ల కింద మాత్రం ఒక పెంకు పెట్టు, కారితే బట్టీ పలక పాడవుతుంది. మంగంపేట ముగ్గురాయి జోలికి పోవద్దు, కాలిస్తే గంధకం పొగ వస్తుంది, ఇంటి వెనక షెడ్డులో అదొద్దు.

నా పాత తప్పు కూడా విను. చెరువు మట్టి జల్లించకుండా దీపాల కుందులు చేసి కాల్చా. బట్టీలోంచి తీసినప్పుడు ఎంత బాగున్నాయో. పదిహేను రోజులకు అలమర్లోంచి టిక్ టిక్ మని చప్పుడు, చూస్తే ప్రతి కుందికీ గోరంత పెచ్చు లేచి, గుంటలో తెల్లటి పలుకు. మట్టిలోని సున్నపు పలుకులు కాలాక గాల్లో తేమ పీల్చి ఉబ్బాయి. కాబట్టి నాపరాయి పొడి గ్లేజులోకే, మట్టిలో పలుకు మిగలకుండా సన్న జల్లెడ పట్టు.

లాడి క్వాలీ పేరు విన్నావా? నైజీరియా ఆమె. లీచ్ శిష్యుడు మైకేల్ కార్డ్యూ 1950ల్లో అక్కడ పాటరీ కేంద్రం నడిపాడు, ఈమె అందులో చేరింది. చక్రం, గ్లేజు, పెద్ద బట్టీ అన్నీ ఆయన తెచ్చినవే. ఆమె మాత్రం తన ఊరి ఆడవాళ్లు చేసినట్టే మట్టి తాళ్లు పేర్చి పెద్ద కుండలు కట్టింది, మీద బల్లుల బొమ్మలు చెక్కింది, వాటినే గ్లేజు పూసి ఆయన బట్టీలో కాల్చింది. ఇవాళ ఆమె బొమ్మ నైజీరియా 20 నైరా నోటు మీద ఉంది. నాకైతే గురువు ప్రభావమంటే మొదట గుర్తొచ్చేది ఈమే.

నీ ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి కొట్టేశావు, అయినా చదివా. చిన్నప్పుడు మీ వీధిలో సలపతో, అదే చెక్క బద్దతో, కుండ తట్టే తాత దగ్గర కూర్చునేదాన్నని. ఎందుకు కొట్టేశావు? ఆయన ఇప్పుడూ ఉంటే పోయి రెండు రోజులు కూర్చో, లేకపోతే ఆయన చేసిన సంగటి సట్టి ఎవరింట్లోనైనా దొరుకుతుందేమో వెతుకు. దాన్ని హమాడా గిన్నె బొమ్మ పక్కన పెట్టి చూస్తే ముప్పైలో ఏవి ఉంచాలో, ఏవి పగలగొట్టాలో నీకే తెలుస్తుంది. పది మిగిలినా ఎగ్జిబిషన్‌కు చాలు.

మళ్లీ ఫొటోలు పంపేటప్పుడు అన్నీ బోర్లించి తియ్యి తల్లీ, ఒక్కోదాని బరువు ఎన్ని గ్రాములో పక్కనే రాయి.