పుస్తకాన్ని బీరువాలోకి పోనివ్వకు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఉద్యోగం పర్మినెంట్ కాకముందే ప్రిన్సిపాల్‌తో దీనికి తగువేమిటక్కా అని. నాకూ టెన్షన్‌గానే ఉంది. కానీ ఒక తండ్రి ఫిర్యాదు చేశాడని కాలేజీ లైబ్రరీలోంచి కథల పుస్తకం తీసేస్తామంటే మన ఇంటి పిల్ల ఒప్పుకోనందని తెలిసి గర్వంగానూ ఉంది.

పుస్తకం మొత్తం మళ్ళీ చదువు. ఫిర్యాదు కాపీ అడిగి తీసుకో. ఒక్కదానివే వెళ్ళకు.

నాకు అరిచేవాళ్ళంటే భయం లేదు. "ప్రస్తుతానికి పక్కన పెడదాం" అనేవాళ్ళంటేనే భయం. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇలాగే ఒక నవల మీద గొడవైతే, ప్రిన్సిపాల్ నోటిమాటతో బీరువాలో పెట్టించారు. కాగితం లేదు, కారణం లేదు. ఆయన బదిలీ అయ్యాక కొత్తాయనను అడిగితే, "ఆర్డరే లేనప్పుడు నేనేం రద్దు చేయనమ్మా?" అన్నారు. స్టాక్ వెరిఫికేషన్‌లో రిజిస్టరులో దాని పేరు పక్కన ఎర్రసిరాతో "కనబడుటలేదు" అని రాశారు. పుస్తకమేమో ఆ గదిలోనే, తాళం వేసిన బీరువాలో ఉంది! అందుకే చెప్తున్నా, తీసేయమని రాతపూర్వకంగా ఇస్తేనే తియ్యి.

ముద్దుపళని అనే కవయిత్రి రాసిన రాధికా సాంత్వనం కావ్యం సంగతి నీకు తెలుసుగా. పాత అచ్చుప్రతిలో ఆవిడ తన వంశం చెప్పుకున్న పీఠికనూ కొన్ని పద్యాలనూ ఎగరగొట్టారని గాయని బెంగళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి చదివాకే పట్టుకున్నారు. 1910లో వావిళ్ళ ప్రెస్ వారితో పూర్తిగా అచ్చువేయిస్తే, సర్కారు అశ్లీలమంటూ నిషేధించింది. నాలుగాశ్వాసాల కావ్యాన్ని ఏరిన కొన్ని పద్యాలతో తూచారు. అయినా అది కాగితం మీది నిషేధం గనక 1947లో ప్రకాశం పంతులుగారు ఎత్తేయించగలిగారు. నీ దగ్గరికీ ఫోన్‌లో ఒక్క పేజీ ఫోటో పట్టుకుని వస్తారు. ముందు పేజీ, వెనక పేజీ చదివి వినిపించు.

ఇంకోటి. ఫిర్యాదు చేసిన తండ్రిని స్టాఫ్ గ్రూపులో చదువురాని మనిషన్నావట. బుద్ధుందా? ఆ మెసేజ్ ఇప్పుడే తీసెయ్. కూతురి మీద బెంగతో వచ్చినాయన. కూర్చోబెట్టి టీ ఇవ్వు. తన పిల్లకు వద్దనుకుంటే వేరే పుస్తకం ఇద్దామను. మిగతా పిల్లల చేతుల్లోంచి లాక్కునే హక్కు మాత్రం ఆయనకు లేదని నిమ్మళంగా చెప్పు.

వేళకు తిను. ప్రిన్సిపాల్‌కు ఇచ్చే అర్జీ ముందు నాకు వాట్సాప్‌లో పంపు, దిద్ది ఇస్తాను. మీ అమ్మకు నేను సర్దిచెప్తాలే.

నీ
పెద్దమ్మ