నొప్పి లేదని క్లోమం రిపోర్టును పక్కన పెట్టకండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది రాయగడ జిల్లా గుణుపురం. రెండేళ్లుగా షుగర్ ఉంది. ఆరు నెలల్లో 8 కిలోలు తగ్గాను. క్లోమంలో రాళ్లున్నాయని, దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) కావచ్చని స్కానింగ్‌లో రాశారు. నాకు ఒక్కరోజూ కడుపునొప్పి రాలేదు. నొప్పి లేకుండా ఈ జబ్బు ఎంతమందికి ఉంటుంది? మద్యం ముట్టను, బీడీలు కాలుస్తాను. రాళ్లు కరగాలని రెండు నెలలుగా కొండపిండి ఆకు కషాయం తాగుతున్నాను.

జవాబు: ఈ జబ్బున్న 100 మందిలో సుమారు 10 నుంచి 20 మందికి నొప్పి ఉండదు. మద్యం అలవాటు లేకుండా నడివయసు దాటాక బయటపడేవారిలో ఇంకా ఎక్కువ. కాబట్టి నొప్పి లేదని రిపోర్టును అనుమానించకండి.

నన్ను కలవరపెట్టింది ఆ 8 కిలోలు. షుగర్ అదుపు తప్పినా బరువు తగ్గుతుంది. క్లోమరసం చాలక తిన్న కొవ్వు అరగకపోయినా తగ్గుతుంది. మలం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లు పోసినా వదలకుండా ఉంటోందా? చాలామంది సిగ్గుపడి చెప్పరు, మీరూ రాయలేదు. కొవ్వును అరిగించే ఎంజైము పదో వంతుకు పడిపోయేదాకా ఈ లక్షణం పైకి కనిపించదు. అదే కారణమైతే భోజనంతో పాటు వేసుకునే ఎంజైము క్యాప్సూల్స్ ఉన్నాయి. అయితే ఈ జబ్బున్నవారిలో క్లోమం క్యాన్సర్ ముప్పు మామూలు కంటే ఎక్కువ. మిమ్మల్ని చూడకుండా ఏదీ ఖాయంగా అనలేను. సీటీ స్కాన్ మాత్రం వాయిదా వేయకూడదు.

ఇక కషాయం. మన వైపు కొండపిండి ఆకును మూత్రపిండాల్లో రాళ్లకు వాడతారు. క్లోమంలోవి నాళంలో పేరుకున్న సున్నపు రాళ్లు, కషాయంతో కరగవు. పైగా నొప్పి లేనివారిలో వాటిని తీయాల్సిన అవసరమే తరచుగా ఉండదు. అవసరం లేని పనికి రెండు నెలలు పోగొట్టుకున్నారు, బరువు సంగతి అలాగే ఉండిపోయింది. ఇలా ఆలస్యంగా వచ్చేవారిని చూసినప్పుడల్లా బాధేస్తుంది. కషాయం ఈరోజే ఆపేయండి. బీడీ కూడా, మద్యం లేకపోయినా పొగ ఒక్కటే క్లోమాన్ని పాడుచేయగలదు.

షుగర్ మాత్రల మోతాదు మీరుగానీ, మందుల దుకాణం వారుగానీ మార్చకండి. క్లోమం దెబ్బతిన్నప్పుడు ఇన్సులిన్‌తో పాటు షుగర్‌ను పైకి తెచ్చే గ్లూకగాన్ కూడా తగ్గుతుంది. అందుకే ఉన్నట్టుండి షుగర్ పడిపోవచ్చు.

బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లినా, విశాఖ వెళ్లినా జీర్ణకోశ నిపుణులనే కలవండి. పాత స్కానింగ్, షుగర్ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. ఈలోగా కళ్లు పచ్చబడితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆరోజే వెళ్లండి.