తిమింగలాల దగ్గరికి వెళ్లేముందు

అమ్మాయీ,

తిమింగలాలతో ఈదడానికి పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవులకి టికెట్లు బుక్ చేశామని నువ్వు పెట్టిన మెసేజ్ మూడుసార్లు చదువుకున్నాను. ఎంత సంతోషమేసిందో! కానీ ఒక మాట దగ్గర ఆగిపోయాను. "బోటుకి ఒక్క రోజు చాలు కదా పెద్దమ్మా, మిగతా రోజులు బీచ్‌లో గడిపేస్తాం" అన్నావు. చాలదమ్మా. అందుకే ఈ ఉత్తరం.

మొదటిసారి టోంగాలోని వవావు దీవులకు వెళ్లినప్పుడు నేనూ ఒక్క రోజే పెట్టుకున్నాను. ఏడు గంటలు సముద్రం మీద తిరిగాం. దూరంగా రెండుసార్లు తిమింగలం ఊపిరి తెల్లగా తుంపరలా లేచింది, ఒకసారి తోక కనబడింది. నీళ్లలోకి దిగనే లేదు. తిరిగి వస్తుంటే ఏడుపొచ్చింది, గైడు మీద కోపమూ వచ్చింది. పాపం, ఆయన చేయగలిగిందంతా చేశాడని రెండోసారి వెళ్లాక గానీ నాకు అర్థం కాలేదు. ఆసారి నాలుగు రోజులు పెట్టుకున్నాను. నేను జన్మలో మర్చిపోలేని ఆ పది నిమిషాలు మూడో రోజు మధ్యాహ్నం దొరికాయి.

ఆ హంప్‌బ్యాక్ తిమింగలాలు అంటార్కిటికా వైపు నుంచి జూలై, అక్టోబరు నెలల మధ్య టోంగాకి వస్తాయి. జత కట్టడానికి, పిల్లల్ని కనడానికి వస్తాయి. అక్కడ వాటికి తిండి దాదాపు ఉండదు. తల్లి తన ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగించుకుంటూనే పిల్లకు పాలిస్తుంది. మనం వెంటపడి దాన్ని పరుగెత్తించామంటే ఆ పిల్ల పాలలో కోత పెట్టినట్టే. అందుకే అక్కడ రూల్స్ గట్టిగా ఉంటాయి. ఒకసారికి నలుగురు, వాళ్లతో ఒక గైడు, అంతే. వీపున కట్టుకునే స్కూబా గాలి సిలిండర్లు వాడకూడదు, నోట్లో పెట్టుకుని పైగాలి పీల్చే స్నార్కెల్ గొట్టం మాత్రమే. బోటులో ఎనిమిది మంది ఉంటే సగం మంది తమ వంతు కోసం కూర్చోవాల్సిందే. రోజంతా కలిపి ఇరవై నిమిషాలు నీళ్లలో ఉన్నావంటే అది మంచి రోజు అనుకో.

నువ్వు పంపిన ఫోటోల్లాంటివి తీసేవాళ్లు చాలావరకు వారాల తరబడి అక్కడే ఉండి తీస్తారు. వాటితో పోల్చుకోకు. ఈదుకుంటూ పోయే తిమింగలం ఎదురైతే నీకు దక్కేది కొన్ని సెకన్లే. అది తోక రెండుసార్లు ఊపితే చాలు, నీలంలో కలిసిపోతుంది. ఎంత ఈతగాళ్లైనా దాన్ని అందుకోలేరు. నిదానంగా చూడాలంటే విశ్రాంతి తీసుకుంటున్న తల్లీపిల్లా దొరకాలి.

నాకు దొరికింది అదే. కింద పెద్ద బండరాయిలా చీకటిగా ఏదో ఉంది. అది తల్లని నాకు వెంటనే తట్టలేదు. దాని గడ్డం కింద నుంచి పిల్ల మెల్లగా జారి, ఒళ్లు తిప్పుకుంటూ ఊపిరి కోసం పైకి వచ్చింది. నాలుగైదు నిమిషాలకోసారి అలా వస్తూనే ఉంది. ఒకసారి పక్కకు ఒరిగి నా వైపు చూసింది. కంటి చుట్టూ ఉన్న ముడతలు కూడా కనబడ్డాయి. చెయ్యి చాచాలనిపిస్తుంది, చాచకు. పుట్టిన పిల్లే నాలుగు మీటర్ల పైన ఉంటుంది, తన రెక్క ఎంత దూరం తగులుతుందో దానికే తెలియదు. పిల్ల దగ్గరికొస్తే నువ్వే నెమ్మదిగా వెనక్కి జరుగు. తల్లి పిల్లను అవతలి వైపుకి తిప్పుకున్నా, తోకతో నీళ్లు చరిచినా చాలించి బోటెక్కెయ్యి.

ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర జూన్, జూలై నెలల్లో డ్వార్ఫ్ మింకీ తిమింగలాలు వస్తాయి. అక్కడ బోటు నుంచి తాడు వదులుతారు, మనుషులు దాన్ని పట్టుకుని కదలకుండా తేలుతారు. తిమింగలాలే వచ్చి చూసిపోతాయి. టోంగాలో కూడా నీ చేతిలో అలాంటి తాడు ఉందనే అనుకో.

వెళ్లేలోపు నెల రోజులైనా కొలనులో ఫిన్స్ (పాదాలకు తొడిగే ఈత రెక్కలు) వేసుకుని, ముఖం నీళ్లలోనే ఉంచి ఈదడం అలవాటు చేసుకో. బోటు నుంచి దూకకూడదు, చప్పుడు లేకుండా జారాలి. అది కూడా ప్రాక్టీస్ చెయ్యి. కడుపులో తిప్పకుండా ఏ మాత్ర వేసుకోవాలో డాక్టర్ని ముందే అడుగు. బోటు రోజులు ట్రిప్ మొదట్లోనే పెట్టుకో, గాలి ఎక్కువై రద్దయితే తర్వాత ఒక రోజు మిగులుతుంది. బోటు వాళ్లని లైసెన్స్ ఉందా అని అడుగు. "తప్పకుండా ఈదిస్తాం" అని హామీ ఇచ్చేవాళ్ల జోలికి పోకు.

అల్లుడికి ఈత అంతంత మాత్రమే అన్నావు. కింద అడుగు కనబడని సముద్రంలో మంచి ఈతగాళ్లకే ఒక్కోసారి గుండె దడ వస్తుంది. బలవంతం చెయ్యకు. తిమింగలం గాల్లోకి ఎగరడం బోటు మీద నుంచే బాగా కనబడుతుంది, ఆయనకు ఆ భాగ్యమే ఎక్కువ దక్కవచ్చు.

బీచ్ రోజుల్లోంచి మూడు తీసి బోటుకి మార్చు. మార్చాక తేదీలు చెప్పు. నా మాస్కు ఇంకా బాగానే ఉంది. నీ ముఖానికి నీళ్లు కారకుండా సరిపోతుందో లేదో చూడాలి, ఒకసారి వచ్చిపో.

ప్రేమతో,
పెద్దమ్మ