విండోస్ 7 సిస్టమ్ బ్యాకప్‌కి 20కి పైగా డీవీడీలు కావాలా? మేం నాలుగింట్లో సర్దాం

మీ ప్రశ్న చదివాను. షాపులో విండోస్ 7 కంప్యూటర్, సీ డ్రైవ్‌లో 96 జీబీ నిండి ఉంది, సిస్టమ్ ఇమేజ్ (విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులు అన్నీ ఉన్నవి ఉన్నట్టు తీసే నకలు) తీద్దామంటే ఇరవైకి పైగా డీవీడీలు కావాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఇప్పట్లో కొనలేరు, చేతిలో ఖాళీ డిస్కులు పదే ఉన్నాయి. తెనాలిలో మా బావగారి డీటీపీ షాపులో ఇదే సమస్యతో నేను రెండుసార్లు కుస్తీ పట్టాను. మొదటిసారి దెబ్బతిన్నాం, రెండోసారి గట్టెక్కాం. రెండూ చెబుతాను.

ఆ కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ కొత్తగా వేసుకుంటే సరిపోదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, బావగారి వేళ్లకు అలవాటైన కీబోర్డ్ లేఅవుట్, డ్రైవర్ ఇక ఎక్కడా దొరకని పాత స్కానర్, అన్నీ ఉన్నవి ఉన్నట్టు తిరిగి రావాలి. మొదటిసారి విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్‌ని నమ్ముకుని 11 డీవీడీలు రాశాం. ఏడాదిన్నరకి, సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో హార్డ్ డిస్క్ పోయింది. విండోస్ లేవనప్పుడు వాడే రిపేర్ డిస్క్‌తో బూట్ చేసి మొదటి డీవీడీ పెడితే ఇమేజ్ కనపడలేదు. అది ముందు అడిగేది సెట్‌లో చివరి డిస్క్‌ని! ఆ సంగతి తెలిసేసరికి గంట పోయింది. తీరా రీస్టోర్ మొదలయ్యాక తొమ్మిదో డిస్క్ చదవలేక ఆగిపోయింది. మిగతా పదీ బాగానే ఉన్నాయి, అయినా ఒక్క ఫైలూ చేతికి రాలేదు. ఆ వారం శుభలేఖలన్నీ బావగారు పక్క ఊళ్లో వేరే షాపుకి వెళ్లి చేయించి ఇచ్చారు. ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది.

అందుకే మీకు నా మొదటి మాట: ఇంకో పన్నెండు డిస్కులు కొనకండి. డిస్కులు పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి పాడయ్యే అవకాశమూ పెరుగుతుంది. ముందు సీ డ్రైవ్‌ని తగ్గించండి.

డీటీపీ షాపుల్లో పనంతా డెస్క్‌టాప్ మీదే పోగుపడుతుంది. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ ఉంటుంది, అక్కడినుంచి వాటిని డీ డ్రైవ్‌కి మార్చుకోవచ్చు. తర్వాత డిస్క్ క్లీనప్‌లో 'క్లీనప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కితే పాత విండోస్ అప్‌డేట్ల మిగుళ్లు కూడా పోతాయి. ఆ సదుపాయం సర్వీస్ ప్యాక్ 1 ఉన్న విండోస్ 7కి 2013 అక్టోబరులో ఒక అప్‌డేట్‌తో వచ్చింది, కనపడకపోతే అది వేసి లేదని అర్థం. ఇలా మాది 47 జీబీ నుంచి 21కి దిగింది. డీలోకి పంపిన కస్టమర్ ఫైళ్లు ఈ బ్యాకప్‌లోకి రావు కాబట్టి వాటిని వేరే పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

విండోస్ సిస్టమ్ ఇమేజే వాడతానంటే ఒక చిక్కు చూసుకోండి. ఒక్కోసారి డీ డ్రైవ్‌కి కూడా దానంతట అదే టిక్ పడుతుంది, ఆ టిక్ తీయనివ్వదు. సర్వీస్‌గా, అంటే వెనకాల తనంతట తనే నడిచే ప్రోగ్రామ్ ఏదైనా డీలో ఇన్‌స్టాల్ అయి ఉంటే విండోస్ డీని కూడా సిస్టమ్‌లో భాగంగానే లెక్కేస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని తీసేసి సీలో వేసుకుంటే సరి.

రెండోసారి మేం క్లోనెజిల్లా అనే, డిస్క్ ఇమేజ్ తీసే ప్రోగ్రామ్ వాడాం. ఉచితం, సీడీ నుంచే బూట్ అవుతుంది. ఫైళ్లున్న భాగాన్నే తీసుకుని కుదిస్తుంది, ఖాళీ జాగాని వదిలేస్తుంది. 21 జీబీ కాస్తా పదిన్నర అయింది. ఇమేజ్‌ని ముందు డీ డ్రైవ్‌లో సేవ్ చేయాలి. ఎక్స్‌పర్ట్ మోడ్‌లో ఒక్కో ముక్క ఎంత ఉండాలో అడుగుతుంది, నేను 4000 ఎంబీ ఇచ్చాను. డీవీడీ డబ్బా మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్ లెక్కలో అది 4.38 జీబీయే. కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, విండోస్ 1024తో. 4000 ఇస్తే డిస్క్‌లోనూ పడుతుంది, 4 జీబీ దాటిన ఫైలుని ఒప్పుకోని ఫ్యాట్32 పెన్ డ్రైవ్‌లోనూ పడుతుంది. ఇమేజ్ తీసే ముందు డ్రైవ్‌లో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడిపి, కంప్యూటర్‌ని హైబర్నేట్ చేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. లేకపోతే సీ డ్రైవ్‌ని చదవనంటుంది.

మాకు మూడు ముక్కలొచ్చాయి. నాలుగో డీవీడీయే ఆ తొమ్మిదో డిస్క్‌కి నా జవాబు. మల్టీపార్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది మీ ఫైళ్లనుంచి లెక్కకట్టి రికవరీ ఫైళ్లు తయారుచేస్తుంది. వాటి సైజు ఒక ముక్క కంటే కాస్త ఎక్కువ ఉండాలి, మాకు ముక్కలన్నిటి మొత్తంలో 38 శాతం సరిపోయింది. ఇప్పుడు నాలుగింట్లో ఏ ఒక్క డిస్క్ పోయినా మిగతా మూడింటినుంచి దాన్ని తిరిగి కట్టుకోవచ్చు. ముక్కలతోపాటు క్లోనెజిల్లా ఫోల్డర్‌లో బోలెడు చిన్న ఫైళ్లుంటాయి, పార్టిషన్ల (డిస్క్‌ని విడగొట్టిన భాగాల) వివరాలు వాటిలోనే. అవి మూడో డిస్క్‌లో చోటున్నచోట వేయండి, ఒక్కటి కూడా వదలొద్దు.

రాసేటప్పుడు ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసే) డిస్కులు వద్దు, తక్కువ స్పీడ్ పెట్టండి, రాశాక వెరిఫై చేయండి. కాగితం లేబుల్ అంటించకుండా మార్కర్‌తో నంబరు వేయండి. ఎండ తగలని చోట దాచండి.

ఒక ఇబ్బంది ఉంది. క్లోనెజిల్లా 'తర్వాతి డిస్క్ పెట్టు' అని అడగదు. రీస్టోర్ చేసే రోజు ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో, ఒకేచోట ఉండాలి. ఆ ఒక్కరోజుకి 16 జీబీ పెన్ డ్రైవ్ ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకుంటే చాలు. కొత్త హార్డ్ డిస్క్ పాతదానంత గానీ, అంతకంటే పెద్దది గానీ అయి ఉండాలి. వాడిన జాగా ఎంత తక్కువైనా సరే, చిన్న డిస్క్ మీదికి మామూలుగా ఎక్కదు.

సెట్ తయారైన వారంలోనే పాత 500 జీబీ డిస్క్ ఒకటి తెచ్చి దానిమీద రీస్టోర్ చేసి చూశాం. గంటన్నరలో విండోస్ లేచింది. బావగారు కుర్చీ లాక్కుని పేజ్‌మేకర్ తెరిచి, అను ఫాంట్‌లో 'శ్రీరస్తు' అని టైప్ చేసి చూసుకున్నారు. విండోస్ 7కి 2020 జనవరి 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి, కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తే తప్ప ఆ సెట్‌ని మళ్లీ రాయాల్సిన పని మాకు పడలేదు.

మీ సీ డ్రైవ్ కూడా మాదానిలా 21 జీబీకి దిగితే మీ పది డిస్కుల్లో నాలుగేసి చొప్పున రెండు సెట్లు వస్తాయి. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో పెట్టుకోండి. దిగకపోతే ఏ ఫోల్డర్ ఎంత తింటోందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.