దూరపు బంధువా, దూరమైన బంధువా?

సందేహం: ఇంగ్లీషు 'డిస్టెంట్ రిలేటివ్'ను మా అబ్బాయి 'దూరమైన బంధువు' అని రాశాడు. తప్పని తోస్తోంది, ఎందుకో చెప్పలేకపోతున్నాను. 'డిస్టెంట్ విలేజ్'ని 'దూర గ్రామం' అనొచ్చా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: మీకు తోచిందే సరి. 'దూరమైన'లో 'అయిన' ఉంది. మనుషుల గురించి వాడితే ఒకప్పుడు దగ్గరగా ఉండి తర్వాత దూరమయ్యారన్న ధ్వని వస్తుంది. మాటపట్టింపుతో రాకపోకలు మానేసిన మేనమామ దూరమైన బంధువు. 'నిరుడు మాకు దూరమైన తాతగారు' అంటే ఆయన పోయారనే. నిక్షేపంలాంటి మనిషి గురించి అలా రాస్తే ఏం బాగుంటుంది? 'దూరమైన ఊరు' అంటే మాత్రం చిక్కు లేదు, ఊరు కదలదు కదా.

వరస దూరమని చెప్పడానికి 'దూరపు' కావాలి. బడిలో చదివిన పుంప్వాదేశ సంధే ఇది: 'సరసము + మాట' సరసపుమాట అయినట్టు 'దూరము' చివరి 'ము' పోయి 'పు' వచ్చింది. 'దగ్గర'కు చివర 'ము' లేదు కాబట్టి 'దగ్గరపు చుట్టం' అనం, 'దగ్గరి చుట్టం' అంటాం.

రెండూ సంస్కృత పదాలైతే 'పు' లేకుండానే సమాసం కుదురుతుంది: దూరవిద్య, దూరదృష్టి. ఆ లెక్కన 'దూర గ్రామం' వ్యాకరణానికి తప్పు కాదు, వాడుకలోనే లేదు. 'దూరంగా ఉన్న ఊరు' అనండి. పాడేరు ఏజెన్సీలో రోడ్డులేక డోలీ మోతలు తప్పని ఊరైతే 'మారుమూల పల్లె' అనాలి. మండల కేంద్రానికి ఎనిమిది కిలోమీటర్లే ఉన్నా అది మారుమూలే. అక్కడ లెక్క కిలోమీటర్లది కాదు, దారిది. అన్ని సౌకర్యాలున్న హైదరాబాదు ఎంత దూరమైనా మారుమూల కాదు.

ఇంగ్లీషులో విశేషణం ఉందని తెలుగులోనూ విశేషణమే పెట్టనక్కర్లేదు. బీచ్‌రోడ్డు నుంచి కనిపించే 'డిస్టెంట్ షిప్స్'ను 'దూరపు ఓడలు' అంటే అతికినట్టుండదు, 'దూరంగా కనిపించే ఓడలు' అనాలి. కొలత చెబితే 'దూరంలో': 'మూడు మైళ్ల దూరంలో లంగరేసిన ఓడ'. కొలత లేకుండా 'ఓడ దూరంలో ఉంది' అంటే వాక్యం కుంటుతుంది.

ఇక మనిషి తీరు 'డిస్టెంట్' అయితే దూరం మాటే ఎత్తకండి. 'అంటీముట్టనట్టు ఉంటాడు' అంటే చాలు.