కథల పుస్తకానికి పేజ్‌మేకరా, ఇన్‌డిజైనా?

ప్రశ్న: నా కథలన్నీ యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగులో) టైప్ చేసుకున్నాను, పుస్తకం సొంతంగా వేసుకుందామని. డీటీపీ ఆయన పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ అయితేనే చేస్తానంటున్నారు, మా అబ్బాయి ఇన్‌డిజైన్ అంటాడు. దేంట్లో చేయించాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పేజ్‌మేకర్ వద్దండీ. దాని ఆఖరి వెర్షన్ 7.0 వచ్చిందే 2001లో, యూనికోడ్ దానికి పడదు, కాబట్టి మీ కథలన్నీ అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లలోకి) మార్చాలి, మార్చాక ఎక్కడ ఏ వత్తు ఎగిరిపోయిందో మొదటి నుంచీ ప్రూఫ్ చూడాలి, రేపు ఈ-బుక్ వేద్దామంటే మళ్లీ వెనక్కి మార్చుకోవాలి. ఆయనకి అలవాటు కాబట్టి అడుగుతున్నారు, అంతే.

ఇన్‌డిజైన్ మంచిదే, కానీ చందా కట్టాలి. పేరాగ్రాఫ్ మెనూలో ‘వరల్డ్-రెడీ కంపోజర్’ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులన్నీ విడిపోతాయి, చాలామంది ఇక్కడే తిట్టుకుని వదిలేస్తారు. బొమ్మలు ఎక్కువుంటే దానికి వెళ్లండి.

ఉత్త కథలేనా? అయితే వర్డ్ లాంటి లిబ్రేఆఫీస్ రైటర్ చాలు, ఉచితం, తెలుగు చక్కగా చూపిస్తుంది. ముందే పేజీ సైజు డెమ్మీ (5.5 × 8.5 అంగుళాలు) పెట్టుకోండి, బైండింగ్ వైపు మార్జిన్ కాస్త ఎక్కువ వదలండి, కథల పేర్లకి హెడింగ్ స్టైల్ వాడితే విషయసూచిక అదే తయారవుతుంది. ఫాంటుకి మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ చూడండి, రెండూ ఉచితమే. పేజీలు పేర్చడానికి స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, తీసుకుంటే మాత్రం 1.6 తీసుకోండి, పాత 1.4లో తెలుగు కుదరదు.

ఏది వాడినా ప్రెస్‌కి పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి.