యుద్ధకాల సమాజం మీద పనిచేసే జర్మన్ సైనిక చరిత్రకారుల కెరీర్ ఎలా సాగుతుంది?

హిస్టరీలో ఎంఏ అయింది, జర్మన్ బీ1 వరకు వచ్చు, హిట్లర్ కాలపు సమాజం మీద, జాతీయవాదం మీద పరిశోధన చేయాలనుంది, ఆ దారి ఎలా ఉంటుంది అని అడిగారు.

ముందుగా, ఈ రంగంలో ఎవరు ఏ యుద్ధం ఎలా గెలిచారన్నది పెద్ద ప్రశ్న కాదు. బాంబులు పడుతున్నా జనం ఫ్యాక్టరీకి ఎందుకు వెళ్లారు, ఓటమి ఖాయమని తెలిశాక కూడా సిపాయి ఎందుకు తుపాకీ దించలేదు అన్నవే ప్రశ్నలు.

నమూనాగా యోర్గ్ ఎఖ్టర్న్‌కాంప్ కెరీర్ చూడండి. 1998లో అచ్చయిన ఆయన పీహెచ్‌డీ 1770–1840 మధ్య జర్మన్ జాతీయవాదం ఎలా ఎదిగిందన్నదాని మీద. ఆ తర్వాత బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్‌లోని సైనిక చరిత్ర సంస్థలో రెండో ప్రపంచయుద్ధపు బృహత్ గ్రంథమాలకు తొమ్మిదో సంపుటి సంపాదకుడయ్యారు. యుద్ధకాల జర్మన్ సమాజం గురించిన ఆ సంపుటి రెండు భాగాలుగా 2004, 2005లో వచ్చింది. 2014 నాటి పుస్తకం 1945–1955 మధ్య పశ్చిమ జర్మనీలో మాజీ సైనికుల గురించి. మూడు కాలాలు, మూడు రకాల ఆధారాలు. ఇది చంచలత్వం కాదు. జర్మనీలో పీహెచ్‌డీ తర్వాత ‘హాబిలిటాట్సియోన్’ అనే రెండో పెద్ద పరిశోధన ఉంటుంది, దాని అంశం మొదటిదానికి స్పష్టంగా వేరుగా ఉండాలని ఆశిస్తారు. పీహెచ్‌డీనే సాగదీసి రెండోది రాద్దామనుకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

ఉద్యోగం సంగతి చేదుగానే ఉంటుంది. విశ్వవిద్యాలయంలో ఒప్పంద ఉద్యోగాలకు చట్టం మామూలుగా పీహెచ్‌డీకి ముందు 6 ఏళ్లు, తర్వాత 6 ఏళ్లు హద్దు పెడుతుంది. ఆ లోపు ప్రొఫెసర్ కుర్చీ దొరక్కపోతే చాలామంది బయటపడాల్సిందే. విశ్వవిద్యాలయం బయట పని దొరికే చోటు కాబట్టే పోట్స్‌డామ్ సంస్థకు అంత విలువ. 1957లో పుట్టి, చాలాకాలం ఫ్రైబుర్గ్‌లో ఉండి, 1994లో పోట్స్‌డామ్‌కు మారింది. 2013లో సైన్యపు సామాజిక శాస్త్ర సంస్థతో కలిసింది. రక్షణశాఖ కింద ఉంటుంది, సైనిక అధికారులతో పాటు సివిలియన్ చరిత్రకారులూ పనిచేస్తారు. ‘ప్రభుత్వ చరిత్ర కదా, నమ్మవచ్చా?’ అని అడుగుతారు. 1983 నాటి నాలుగో సంపుటిలో సోవియట్ దాడి గురించి రచయితలు ఒకరితో ఒకరు విభేదిస్తూనే ఒకే పుస్తకంలో రాశారు. అది చదివి మీరే తేల్చుకోండి.

మనవాళ్లకు వింతగా అనిపించే ఇంకో నియమం: వైవా అయిపోయినా థీసిస్ ప్రచురించేదాకా పేరు ముందు ‘డాక్టర్’ పెట్టుకోకూడదు. అచ్చు ఖర్చులో కొన్ని వేల యూరోలు సాధారణంగా రచయిత మీదే పడతాయి. బడ్జెట్‌లో మొదటిరోజే రాసుకోండి.

అసలు కష్టం ఆర్కైవ్‌లో. సంస్థ పోట్స్‌డామ్‌కు వెళ్లినా సైనిక ఆర్కైవ్ ఫ్రైబుర్గ్‌లోనే ఉండిపోయింది, అంటే దేశం ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఫైళ్లు అక్షరాల కోడ్‌తో ఉంటాయి: ఆర్‌హెచ్ భూసైన్యం, ఆర్‌ఎమ్ నౌకాదళం, ఆర్‌ఎల్ వైమానిక దళం, ఎన్ వ్యక్తుల సొంత కాగితాలు. ‘ఇన్వెనియో’ అనే ఆన్‌లైన్ వెతుకుడులో నంబర్లు రాసుకుని, ముందే టేబుల్ బుక్ చేసుకుని వెళ్లాలి. వెళ్లాక వెతుకుదాంలే అనుకుంటే మొదటి వారం వృథా. మొదటి ప్రపంచయుద్ధం మీద పనిచేయాలంటే ఇంకో చిక్కు: అప్పటి జర్మనీలో పెద్ద రాజ్యమైన ప్రష్యా సైనిక కాగితాలు చాలావరకు 1945 ఏప్రిల్‌లో పోట్స్‌డామ్ మీద జరిగిన బాంబుదాడిలో కాలిపోయాయి. మ్యూనిక్, స్టుట్‌గార్ట్, డ్రెస్డెన్ ఆర్కైవ్‌ల మీద ఆధారపడాలి. రెండో యుద్ధానికైతే అమెరికన్లు తీసిన మైక్రోఫిల్మ్‌లు ఉన్నాయి. వాటి వరుస నంబర్లు: టీ-312లో ఆర్మీల కాగితాలు, టీ-314లో కోర్లవి, టీ-315లో డివిజన్లవి. జర్మనీ వెళ్లకముందే వీటితో చేయి తిరగనివ్వండి.

ఇక సైనికుల ఉత్తరాలు, అంటే ‘ఫెల్డ్‌పోస్ట్’. అందరూ ఎగబడేది వీటి మీదే, పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. యుద్ధభూమి నుంచి ఇంటికి వచ్చినవే ఎక్కువ మిగిలాయి, ఇంటి నుంచి వెళ్లినవి బురదలో, మంటల్లో పోయాయి. అంటే సంభాషణలో ఒక గొంతే వినిపిస్తుంది. ఆర్కైవ్‌కు ఇచ్చిన కుటుంబాలు కూడా ఎక్కువగా చదువుకున్నవే. పైగా సెన్సార్ ఉందని రాసేవాడికి తెలుసు, అమ్మ భయపడుతుందనీ తెలుసు. కాబట్టి ‘వందకు ఇంతమంది నాజీలు’ అని ఉత్తరాల నుంచి లెక్క తీయకండి. ఎవరికి, ఎప్పుడు, దేన్ని దాటవేస్తూ రాశాడో చూడండి. 1941 దాకా బడుల్లో నేర్పింది జ్యూటర్లిన్ అనే పాత జర్మన్ చేతిరాత లిపి. అది చదవడానికి కొన్ని నెలల సాధన కావాలి, సీ1 సర్టిఫికెట్ ఇక్కడ అక్కరకు రాదు.

నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్‌ఎస్‌లోని గూఢచారి విభాగం ఎస్‌డీ రాసిన ప్రజాభిప్రాయ నివేదికలూ అంతే. అవి సర్వేలు కావు. పైవాళ్లకు ఏం చెప్పాలో, ఏం దాచాలో ఎంచుకునే రాశారు, 1944లో పార్టీ పెద్దలకు అవి ఓటమి వాసన కొట్టడంతో ఆగిపోయాయి. వాటి పక్కన పత్రికల్లోని మరణ ప్రకటనలు పెట్టి చూడండి. ‘ఫ్యూరర్ కోసం’ అన్న మాట కుటుంబాలు ఏ నెలలో వాడడం తగ్గించాయో తెలుస్తుంది.

అంశం కోసం వెతుకుతుంటే, జర్మన్ సైన్యంలో సుమారు 3,000 మందితో ఏర్పడిన భారతీయ దళం, రెజిమెంట్ 950, మంచి అవకాశం. బెర్లిన్‌లో బోస్‌కు సహాయకుడిగా ఉండి, 1943లో ఆయనతో పాటు జలాంతర్గామి ఎక్కిన ఆబిద్ హసన్ హైదరాబాదీనే. సైనిక కాగితాలు ఫ్రైబుర్గ్‌లో, విదేశాంగశాఖ ‘భారత ప్రత్యేక విభాగం’ కాగితాలు బెర్లిన్‌లోని ఆ శాఖ ఆర్కైవ్‌లో వెతకాలి. ప్రొఫెసర్‌కు రాసే మొదటి ఈమెయిల్‌లో ‘నాజీ జర్మనీ అంటే ఆసక్తి’ అని కాకుండా ఒక ప్రశ్న, నాలుగు ఫైల్ నంబర్లు పెట్టండి. జవాబు వచ్చే అవకాశం చాలా పెరుగుతుంది.